పేరు పెట్టి పిలిచేవాడు

సెంటర్లో నిన్న ఆయన ఫ్లెక్సీ కట్టారు. కట్టింది మా తమ్ముడే. ఆ సంగతి చివర్లో చెప్తాను.

నా కుట్టుమిషను రోడ్డు వైపు తిరిగి ఉంటుంది కాబట్టి తల ఎత్తితే చాలు, ఆయనే కనిపిస్తున్నాడు. తెల్ల చొక్కా, ఎడమ భుజం మీద కండువా, నవ్వీ నవ్వని మూతి. కింద ఇంటిపేరుతో సహా అసలు పేరు పెద్ద అక్షరాలతో వేయించారు. టీ తాగడానికి వచ్చినవాళ్ళు ఆ పేరు చదివి, "ఇదెవురబ్బయా?" అనుకుని, మళ్ళీ ఫొటో చూసి నాలుక కరుచుకుంటున్నారు. ఊరంతటికీ ఆయన మామ. పలక పట్టిన పిల్లలకూ మామే, ఆయన ఈడు ముసలివాళ్ళకూ మామే. ఆయనకూ అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటి ఉందని చాలామందికి ఆయన పోయాకే తెలిసింది.

ఆ పేరు నేను రాయను. ఊళ్ళో అందరి పేర్లూ మార్చేసిన మనిషి తన పేరు మాత్రం మాసిపోకుండా వెంట తీసుకెళ్ళాడు. దాన్ని నా చేత్తో రాయకుండా ఉండటం ఒక్కటే నాకు చేతనైన పని.

మాది చిట్టమూరు నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక ఊరు. రోడ్డుకు ఒక పక్క వరి, ఇంకో పక్క రొయ్యల గుంటలు. బస్సు ఆగే చోట టీ కొట్టు, దానికి ఆనుకుని మా నాయన పంచరు షాపు, ఎదురుగా నా టైలరింగు. మేము ఇంట్లో కూడా తెలుగే మాట్లాడుకునే సాయిబులం. మామ ఊళ్ళో పెద్ద రైతు. పొద్దున్నే గట్ల మీద తిరిగి, కాళ్ళకు బురద ఆరకముందే టీ కొట్టు బెంచీ మీదకి వచ్చేవాడు. ఊరికి తలలో నాలుకలాంటి మనిషి. ఎవరికి నొప్పులొచ్చినా ఆయన కారు బయల్దేరేది, ఎవరి గోడ కూలినా ఆయన కూలీలు వచ్చి నిలబెట్టేవారు. ఇవన్నీ నిజమే. నేను కాదనను.

ఆయనకున్న సరదా ఒకటే, పేర్లు పెట్టడం.

కొత్తవాళ్ళెవరైనా ఊళ్ళోకి వస్తే మొదటిరోజు ఏమీ అనేవాడు కాదు. నడక చూసేవాడు, మాట వినేవాడు, టీ గ్లాసు ఎట్లా పట్టుకుంటారో గమనించేవాడు. పేరు దొరికిందంటే ఎడమ భుజం మీది కండువా తీసి కుడి భుజం మీద వేసుకునేవాడు. కండువా కదిలిందంటే బెంచీ మీద ఉన్నవాళ్ళందరూ మాటలాపి ఆయన మూతి వైపు చూసేవారు. ఆయన పేరు చెప్పి, తను మాత్రం నవ్వకుండా టీ ఊదుకునేవాడు. మిగతావాళ్ళు పడీ పడీ నవ్వేవారు. సాయంత్రానికి ఆ పేరు ఊరు చుట్టి వచ్చేది.

కరెంటు లైన్‌మన్‌కి "వస్తాది" అని పెట్టాడు. కరెంటు ఎప్పుడొస్తుందని ఎవరడిగినా ఆ మనిషి చెప్పేది ఆ ఒక్క మాటే. ఎవరింట్లో జ్వరమన్నా అందరికంటే ముందు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చే ఒకావిడకు "అంబులెన్సు" అని పెట్టాడు. మాట మొదలుపెట్టి మధ్యలో ఎక్కడికో వెళ్ళిపోయే డ్రిల్లు మాస్టారు "నెట్‌వర్కు" అయ్యాడు. నాకూ పెట్టాడు, "సూది" అని. నా పనికీ సరిపోయింది, నా నోటికీ సరిపోయింది. నిజం చెప్పాలంటే ఆ పేరు నాకు నచ్చింది కూడా. ఆయన నేర్పంతా అందులోనే ఉంది. మనం అద్దంలో చూసుకుని కనిపెట్టలేనిది ఆయన టీ ఊదుకుంటూ కనిపెట్టేవాడు.

మన భాషలో బిడ్డకు పేరు పెట్టడం అంటే ఉయ్యాల కట్టి చేసే పండగ. మనిషికి పేర్లు పెట్టడం అంటే ఎగతాళి. ఈ రెంటికీ తేడా ఉందని మామకు చివరిదాకా తెలియలేదు. లేదా తెలిసీ పట్టించుకోలేదు. ఏదైతేనేం, నష్టపోయింది ఆయన కాదు.

మా తమ్ముడి అసలు పేరు ఖాజా. నా తర్వాత అమ్మకు చాలాకాలం పిల్లలు లేరు. నెల్లూరు దర్గా దగ్గర రొట్టెల పండగకు వెళ్ళి, చెరువు నీళ్ళలో నిలబడి, మొక్కు తీరిన ఎవరో మహాతల్లి చేతిలోంచి సంతానం రొట్టె పట్టుకుంది. వాడు పుట్టాక, తర్వాతి పండగకు తనే రొట్టెలు చేసుకెళ్ళి పిల్లలు లేని ఇంకొకామెకు ఇచ్చి వచ్చింది. అట్లా అడిగి తెచ్చుకున్న బిడ్డకు అట్లా ఎంచి పెట్టుకున్న పేరు అది. చిన్నప్పుడు వాడు ఎక్కడున్నా "ఖాజా" అని పిలిస్తే "ఓ" అంటూ పరిగెత్తుకొచ్చేవాడు.

వాడు తొమ్మిదో తరగతిలో ఉన్నాడు. దసరా సెలవులు. ఒక మధ్యాహ్నం షాపు వెనక పాత టైర్ల చాటున, ట్యూబులకు పూసే సొల్యూషన్ గుడ్డలో వేసుకుని పీల్చారు. పీల్చాడు అనకుండా పీల్చారు అన్నాను చూడండి, ఎందుకంటే వాళ్ళు ఇద్దరు. రెండోవాడు మామ తమ్ముడి మనవడు. ఇద్దరిదీ ఒకే క్లాసు, ఒకే బెంచీ. డబ్బా మాది, గుడ్డ వాడిది. మనవడిని వెతుక్కుంటూ వచ్చి పట్టుకున్నది మామే.

నేను జాకెట్టుకు హుక్కులు కుడుతూ ఇవతలి నుంచి అంతా చూశాను. ఇద్దరినీ చెరో చేత్తో పట్టుకుని రోడ్డు మీదకి తీసుకొచ్చాడు. మనవడు అక్కడే వాంతి చేసుకున్నాడు. మామ కండువా తీసి వాడి మూతి తుడిచాడు. "ఏం లేదు, ఎండదెబ్బ" అని నలుగురికీ వినపడేట్టు చెప్పి, ఎవరిదో బండి ఎక్కించి ఇంటికి పంపాడు. తర్వాత మా వాడి వైపు తిరిగాడు. వాడు తూలుతున్నాడు, ఎందుకో వాడికే తెలియకుండా నవ్వుతున్నాడు. కండువా అప్పటికే మామ చేతిలో ఉంది. దాన్ని ఒకసారి దులిపి కుడి భుజం మీద వేసుకున్నాడు.

"ట్యూబుకు పూసేది నువ్వు పీల్చినావేందిరా? నీకు యాడ పంచరు పడిందబ్బయా?" అన్నాడు.

బెంచీ మీద నవ్వులు మొదలయ్యాయి. ఆయన తొందరపడలేదు. నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, "సొల్యూషన్" అన్నాడు.

నాయన వాణ్ణి చెంప వాచేలా కొట్టాడు. కొట్టి, టైర్ల పక్కన కూలబడి తనే ఏడ్చాడు. వాడు అమ్మ తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. అది నాకు తెలుసు, వాడి చొక్కాలు ఉతికేదాన్ని నేనే, వాడి పక్కన కూర్చుని అన్నం తినేదాన్ని నేనే. పిల్లవాడు ఒక తప్పు చేశాడు, భయపడ్డాడు, మానుకున్నాడు. ఇంకే ఊళ్ళో అయినా కథ అక్కడితో అయిపోయేది.

మామ తమ్ముడి మనవడి కథ అట్లాగే అయిపోయింది. ఆ వారంలోనే వాడిని నెల్లూరులో హాస్టల్లో చేర్చారు. ఎందుకు చేర్చారని ఎవరూ అడగలేదు. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు, మొన్న కారులో వచ్చి పోయిన పెదతాత కాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు. ఒడ్డూ పొడుగూ బాగున్నాడు. వాడిని గట్టెక్కించింది హాస్టలూ కాదు, చదువూ కాదు, ఎండదెబ్బ అన్న ఒక్క అబద్ధం. ఆ అబద్ధం ఇద్దరికీ చాలేది. మామ ఒక్కడికే వాడాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ మాట నిషేధం. ఇక్కడ రాయక తప్పదు కాబట్టి రాస్తున్నాను గానీ, నిన్నటిదాకా నా నోటితో ఎప్పుడూ అనలేదు. నాయన కష్టం ఇంకా వేరు. పంచరు వేసే మనిషి రోజుకు ఎన్నిసార్లు ఆ మాట అనాలో మీరే ఆలోచించండి. ఆయన "జిగురు" అనడం మొదలుపెట్టాడు. గూడూరులో సరుకు కొనేచోట కూడా "ఆ జిగురు డబ్బా ఇయ్యన్నా" అనేవాడు. బెంచీ మీద వాళ్ళకు అదొక ఆట దొరికింది. బండి తోసుకుంటూ వచ్చి, "సాయిబూ, ట్యూబుకు ఏం పూస్తా ఉండావు?" అని అడిగేవారు. "జిగురన్నా" అనేవాడు నాయన తల ఎత్తకుండా. అవతల మామ టీ ఊదుకునేవాడు. ఆయన ఏమీ అనేవాడు కాదు. అనాల్సిందంతా అనేశాడు కదా, ఇక ఆయన పని లేదు.

ఆ రోజుల్లోనే స్కూలుకు పట్నం నుంచి ఒక మేడం వచ్చి తల్లులకు మీటింగు పెట్టింది. పిల్లలు ఎందుకు దారి తప్పుతారో చెప్పింది. తాగే తండ్రి, రోజూ గొడవలు పడే ఇల్లు, చెడు సావాసాలు, బడి మానెయ్యడం. ఎట్లా బాగుపడతారో కూడా చెప్పింది. కనిపెట్టుకుని ఉండే తల్లి, ఆటలాడించే పంతులు, మంచి చెప్పే పెద్దమనిషి ఒకరు ఊళ్ళో ఉంటే చాలంది. అమ్మ ఇంటికొచ్చి, "మనకు అన్నీ ఉండాయి గదమ్మే. మీ నాయన బీడీ కూడా ముట్టడు" అంది సంబరంగా. ఆ పెద్దమనిషి ఎవరని నేను అడగలేదు. ఊళ్ళో ఎవరిని అడిగినా ఒకరి పేరే చెప్పేవారు.

ఆటలాడించే పంతులు మాత్రం నిజంగానే ఉన్నాడు. మామ నెట్‌వర్కు అని పేరు పెట్టిన ఆ డ్రిల్లు మాస్టారే. మాట మధ్యలో తప్పిపోతాడు గానీ పిల్లల కాళ్ళ మీద నుంచి చూపు తిప్పేవాడు కాదు. ఖాజాను కబడ్డీ జట్టులోకి తీసుకున్నాడు. వాడు కూతకు వెళ్ళాడంటే గీత తాకకుండా వచ్చేవాడు కాదు. సాయంత్రం మోకాళ్ళు చెక్కుకుపోయి ఇంటికొచ్చి, అమ్మ పసుపు పెడుతుంటే ఆ రోజు ఎవరెవరిని తాకి వచ్చాడో చెప్పేవాడు. ఇల్లు మళ్ళీ ఇల్లులా అనిపించింది.

దొరవారిసత్రం జట్టు మా ఊరికి ఆడటానికి వచ్చిన రోజు మామ కుర్చీ వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. రెండు జట్లకూ అరటిపళ్ళు, సోడాలు ఆయనే తెప్పించాడు. ఖాజా కూతకు లేచాడు. మామకు ఉత్సాహం ఆగలేదు. లేచి నిలబడి చప్పట్లు కొడుతూ "సొల్యూషన్! సొల్యూషన్!" అని అరిచాడు. ప్రేమగానే అరిచాడు, దేవుడి సాక్షిగా. ఆయన వెనక ఊరు ఊరంతా అందుకుంది. అవతలి జట్టు వాళ్ళు అదేం పేరని అడిగినట్టున్నారు, ఎవరో చెప్పినట్టున్నారు. వాళ్ళలో ఒకడు బనీను ముక్కు దగ్గర పెట్టుకుని తూలుతున్నట్టు నటించాడు. గీత అవతల, వాళ్ళ మధ్యలో, మా వాడి కూత ఆగిపోయింది. ఊపిరి ఉండి కూడా ఆగిపోయింది. వాళ్ళు పట్టుకోనవసరం లేకుండా అట్లాగే నిలబడిపోయాడు.

మ్యాచ్ అయ్యాక మామ వాడి భుజం మీద చెయ్యి వేసి, "ఓడితే ఏమైందిరా సొల్యూషన్, ఇంకోసారి కొడతావులే" అని సోడా ఇచ్చాడు. వాడు తాగాడు. తర్వాత కబడ్డీకి వెళ్ళలేదు, కొన్నాళ్ళకు స్కూలుకూ వెళ్ళలేదు.

అమ్మ నన్ను వెంటపెట్టుకుని మామ ఇంటికి వెళ్ళింది. ఆయన మమ్మల్ని కుర్చీల్లో కూర్చోబెట్టాడు, మజ్జిగ ఇప్పించాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మామా, బిడ్డను ఆ పేరుతో పిలవబాకండి. వాడు స్కూలుకు పోనంటా ఉండాడు" అంది.

ఆయన నిజంగానే బాధపడ్డాడు. మొహం చూస్తే తెలిసింది. "అయ్యో, నేను కోపంతో అన్నానామ్మా? ఈ ఊళ్ళో నేను పేరు పెట్టనోడు ఎవుడుండాడు చెప్పు? నా బిడ్డ అనుకోబట్టే గదా అంటా ఉండేది. సరే, నీ మనసు కష్టపడింది గాబట్టి ఇంక అననులే, పో" అన్నాడు. వాకిలి దాకా వచ్చి సాగనంపాడు. అమ్మ దారిపొడుగునా ఆయన్ను దీవిస్తూ నడిచింది.

మర్నాడు పొద్దున నేను షాపు తలుపులు తీస్తుంటే బెంచీ మీద ఆయన గొంతు వినిపించింది. కండువా కుడి భుజం మీద ఉంది. "నిన్న సాయిబు పెళ్ళాం మా ఇంటికొచ్చిందిరా. సమస్య ఉండాదంట, సొల్యూషన్ కావాలంట. నీ ఇంట్లోనే ఉండాడు గదమ్మా, మళ్ళా నన్నడగతావేంది అన్నా" అన్నాడు. మా ఇంట్లో ఆయన అట్లా అననేలేదు. మాట బాగా కుదిరింది కాబట్టి అన్నట్టు చెప్పుకున్నాడు. టీ కొట్టతను నవ్వి నవ్వి పాలు పొంగబెట్టుకున్నాడు. అప్పటినుంచి మా అమ్మ సొల్యూషనమ్మ.

నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకు మా మీద పగ లేదు, చిన్నచూపు కూడా లేదు. ఆయనకు ఒక మంచి మాట తడితే దాన్ని మింగడం చేతకాదు, అంతే. చెడ్డవాడై ఉంటే ఇంత కడుపుమంట ఉండేది కాదు. నాలుగు శాపనార్థాలు పెట్టి ఊరుకునేదాన్ని.

మా మేనమామకు తెలిసినవాళ్ళు మనుబోలులో హైవే మీద మెకానిక్ షెడ్డు నడుపుతున్నారు. ఖాజాను అక్కడికి పంపించాను. ఆ షెడ్డులో వాడు ఉత్త ఖాజా. ఫోన్ చేస్తే వెనక నుంచి "ఖాజా, పదమూడు పానా తేరా" అని అరుపులు వినపడేవి. ఆ అరుపుల కోసమే నేను ఫోన్ పెట్టేదాన్ని కాదు. అమ్మకు స్పీకరు పెట్టి వినిపించేదాన్ని. వాడికి మీసం వచ్చింది, ఒళ్ళు చేశాడు, ఇంజను విప్పి బిగించడం వచ్చింది. షెడ్డు నిండా పెట్రోలు, సొల్యూషన్, థిన్నరు. ఒక్కరోజు కూడా వాటి మీద వాడికి చెయ్యి పోలేదు. షెడ్డు యజమానే చెప్పాడు, వాడు బంగారమని.

రెండో ఏడు ఎండాకాలంలో, నెల్లూరులో పెళ్ళి చూసుకుని వస్తూ మామ కారు ఆ షెడ్డు ముందు ఆగింది. టైరులో గాలి తగ్గింది. కారు దిగి, జాకీ ఎత్తుతున్న వాణ్ణి గుర్తుపట్టి, ఆయన రెండు చేతులూ చాపాడు.

"ఒరే సొల్యూషన్! ఇక్కడుండావా నువ్వు! ఎంత ఎదిగినావురా నాయనా!"

వాణ్ణి కావలించుకున్నాడు. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాడట. షెడ్డులో వాళ్ళందరికీ టీలు చెప్పి, ఆ పేరు ఎట్లా వచ్చిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఎండదెబ్బ తగిలిన రెండోవాడి సంగతి ఆ కథలో లేదు. అందరూ నవ్వారు, మా వాడు కూడా నవ్వాడట. మర్నాటి నుంచి యజమాని డబ్బాలన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. వాణ్ణి ఏమీ అనలేదు, తాళంచెవి మాత్రం జేబులో వేసుకున్నాడు. టైరుకు పంచరు వెయ్యాల్సి వస్తే ఖాజా వెళ్ళి తాళం అడగాలి. వాడు అడిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని పీల్చేవారు. వానలు పడకముందే వాడు ఇంటికొచ్చేశాడు.

వచ్చినవాణ్ణి నేనేమీ అడగలేదు. ఆ సాయంత్రమే రోడ్డు దాటి టీ కొట్టు దగ్గరికి వెళ్ళాను. ఆడపిల్లలు ఆ బెంచీ దగ్గర నిలబడరు మా ఊళ్ళో. నేను నిలబడ్డాను.

"మామా, ఒక మాట అడగాలి" అన్నాను.

"అడుగు సూదీ" అన్నాడు నవ్వుతూ.

"ఆ పొద్దు మా టైర్ల చాటున ఇద్దురు గదా ఉండింది. మీ తమ్ముడి మనవడికి ఏం పేరు పెట్టినారు?"

ఆయన చెయ్యి కండువా మీదకి వెళ్ళింది. ఎడమ భుజం మీది నుంచి తీశాడు, కుడి భుజం దాకా రాలేదు. కాసేపు దాన్ని ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాడు. నేను గెలిచాననుకున్నాను.

"వాడికెందుకమ్మా పేరు?" అన్నాడు చివరికి, అమాయకంగా, నిజంగా తెలియక అడిగినట్టు. "వాడు చదువుకునే పిల్లోడు గదా."

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. అవును కదా, నిజమే కదా అన్నట్టు. ఆ మాటలో తప్పేమిటో ఆ బెంచీ మీద ఒక్కరికీ తెలియలేదు. నేను రోడ్డు దాటి వచ్చి మిషను మీద కూర్చున్నాను.

తర్వాతది త్వరగా చెప్పేస్తాను, చెప్పడానికి నాకు ఇష్టం లేదు. వాడు మళ్ళీ టైర్ల చాటుకు వెళ్ళాడు. ఈసారి ఒంటరిగా వెళ్ళాడు. నాయన డబ్బాలు దాచేవాడు, వాడు వెతికేవాడు. అక్కడి నుంచి ఐసు ఫ్యాక్టరీ వెనక కూర్చునే గుంపులో చేరాడు, గంజాయి మొదలైంది. రొయ్యల గుంటల మీద మోటార్లు విప్పి రాగి తీగ అమ్ముకుంటూ దొరికిపోయారు. ఊళ్ళో వాళ్ళు ఆశ్చర్యపోలేదు. తెలిసిందేగా అన్నారు. పేరు ముందు పెట్టేసి మనిషి కోసం ఎదురుచూశారు, మనిషి వచ్చాడు.

స్టేషనుకు వచ్చి వాణ్ణి విడిపించింది కూడా మామే. ఇది కూడా రాయాలి. ఆయన మాట మీదే వాణ్ణి కొట్టకుండా వదిలారు. "పేరు?" అన్నాడు కానిస్టేబులు. "షేక్ ఖాజా" అన్నాడు నాయన. "ఇంకో పేరేమన్నా ఉందా?" నాయన తల దించుకున్నాడు. మామ వాడి తల నిమురుతూ, "మా సొల్యూషన్ గాడే సార్, మంచోడే" అన్నాడు. ఆయన ప్రేమగా అన్న మాట కానిస్టేబులు రాసుకున్నాడు. తర్వాత మండలంలో ఎక్కడ మోటారు పోయినా ఆ పేరుతోనే వచ్చి వాణ్ణి ఎక్కించుకుపోయేవారు.

ఆ ఏడు అమ్మ మళ్ళీ రొట్టెల పండగకు వెళ్ళింది. చెరువులో నిలబడ్డ ఆడవాళ్ళు, "ఏ రొట్టె కావాలమ్మా? చదువు రొట్టెనా, పెళ్ళి రొట్టెనా, ఇంటి రొట్టెనా?" అని అడుగుతున్నారు. అమ్మ నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. పేరు పోయే రొట్టె ఉంటుందా అని అడగలేకపోయింది. ఎవరో జాలిపడి ఆరోగ్యం రొట్టె చేతిలో పెట్టారు. నీళ్ళలో నిలబడే తినేసి వచ్చింది. ఆ రొట్టె వల్ల ఏమీ జరగలేదు.

చివరి రోజుల్లో మామ వాడికి రోజూ టిఫిను పెట్టించేవాడు. వాడు బెంచీ మీద కూర్చునేవాడు కాదు, ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చునేవాడు. "ఒరే సొల్యూషన్, ఇడ్లీ తిన్నావా?" అని అడిగేవాడు ఆయన. వేరే ఎవరూ వాడితో మాట్లాడేవారు కాదు, వాడు పక్క నుంచి పోతే జేబులు తడుముకునేవారు. చూశావా ఆయన మనసు, అంతటి వాణ్ణి కూడా దగ్గరికి తీస్తాడని చెప్పుకునేవారు. మామ పోవడం కూడా సుఖంగానే పోయాడు. గట్టు మీద కూర్చుని పైరు చూస్తూ ఒరిగిపోయాడు. మంచివాడు కాబట్టే అంత తేలిక చావు వచ్చిందన్నారు.

నిన్న పొద్దున ఖాజా వచ్చి నా షాపు మెట్టు మీద కూర్చున్నాడు. పెదవుల చుట్టూ పుండ్లు, వేళ్ళు వణుకు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. స్టేషన్లో ఏడవని వాడు, మత్తు మాన్పించడానికి ఆస్పత్రిలో చేర్చి మంచానికి కట్టేసినప్పుడు ఏడవని వాడు, ఆయన కోసం ఏడ్చాడు.

"మామ పోయినాడక్కా" అన్నాడు.

"తెలుసురా."

"ఇంక నన్ను పేరు పెట్టి పిలిచేదెవురక్కా?"

చేతిలో కత్తెర కింద పెట్టాను. "మేము లేమంట్రా? అమ్మా, నేనూ, ఖాజా ఖాజా అని పొద్దస్తమానం పిలస్తానే ఉండాం గదరా" అన్నాను.

వాడు నా వైపు చూశాడు. ఎవరి గురించో చెప్తుంటే అడ్డు రాకూడదని ఊరుకున్నట్టు, మర్యాదగా విన్నాడు. తర్వాత లేచి, ఫ్లెక్సీ కట్టడానికి పిలుస్తున్నారని వెళ్ళిపోయాడు.

కరెంటు స్తంభానికి తాళ్ళతో కట్టాడు. తూర్పు గాలికి ఫ్లెక్సీ ఒక పక్కకు లాగుతోంది. సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వెనక్కి వెనక్కి నడుచుకుంటూ రోడ్డు మధ్యకు వచ్చి ఆగాడు. తల పైకెత్తి ఆయన మొహం వైపే చూస్తున్నాడు. గుంటల వైపు నుంచి ఐసు లారీ వస్తోంది. హారను కొడుతూనే ఉంది. వాడి మత్తులో వాడికి అది చెవిన పడటం లేదు.

"ఖాజా!" అని అరిచాను.

వాడు కదల్లేదు. మిషను తోసేసి గడప దాటి వచ్చి, గొంతు చించుకుని, "ఒరే ఖాజా!" అన్నాను. బెంచీ మీద వాళ్ళు కూడా ఎవరా ఖాజా అన్నట్టు అటూ ఇటూ చూశారు. లారీ మలుపు తిరిగింది.

"సొల్యూషన్!" అని అరిచాను.

వాడు ఒక్క గెంతులో ఇవతలికి వచ్చి పడ్డాడు. లారీ నీళ్ళు కార్చుకుంటూ, మా ఇద్దరి మీదా దుమ్ము పోసి వెళ్ళిపోయింది. వాడు లేచి మోకాళ్ళు దులుపుకుని, నా వైపు నడిచి వచ్చాడు. చిన్నప్పుడు పిలిస్తే పరిగెత్తుకొచ్చేవాడే, ఆ మొహంతో, నవ్వుతూ వచ్చాడు.

"ఏందక్కా, పిలిచినావా?" అన్నాడు.